పరలోకానికి గేటుందా?

భూలోక స్వర్గం ఎక్కడుందో ఒడిశాలోని మా పర్లాకిమిడి వాళ్ళకి ఎప్పుడో తెలుసు. పొలిమేర దాటితే ఆంధ్రాలో వచ్చే పాతపట్నంలో ఉంది. పాతపట్నం వాళ్ళని అడిగితే పర్లాకిమిడిలో ఉందంటారు. వాళ్ళు పెట్రోలు చౌకని ఇటొచ్చి ట్యాంకులు నింపుకుంటారు. మావాళ్ళు ఆంధ్రాలో 4,000 పింఛను తీసుకుంటున్న మేనత్తల్ని తలుచుకుని నిట్టూరుస్తారు. 1936లో మమ్మల్ని మద్రాసు నుంచి విడదీసి ఒడిశాలో కలిపిన దగ్గర్నుంచీ ఇదే వరస.

కొలంబస్‌కి ఇంత అనుభవం లేదు పాపం. 1498లో ఒరినోకో నది నీళ్ళు సముద్రంలోకి అంత జోరుగా రావడం చూసి, ఇవి బైబిల్లో చెప్పిన భూలోక స్వర్గం, ఏదెను తోట నీళ్ళేనని స్పెయిన్ రాజుగారికి రాసేశాడు. తోట మాత్రం చూడలేదు.

ప్యారడైజ్ అనే మాటకి మూలం పాత పారశీకంలో ఉందట. చుట్టూ గోడ కట్టిన తోట అని అర్థం. అంటే ప్రహరీ ముందు, స్వర్గం తర్వాత. బరంపురం రోడ్డులో వెంచర్ వేసినాయన ఈ సంగతి చదివి ఉండడు గానీ, సరిగ్గా అలాగే చేశాడు. గోడ లేచింది, కమాను లేచింది, లోపల ఇంకా తుమ్మచెట్లే.

అసలు అదృష్టమంటే కొరాపుట్ జిల్లా కొటియా వాళ్ళది. అక్కడి 21 పల్లెలు మావంటే మావని రెండు రాష్ట్రాలు కోర్టుల్లో కొట్టుకుంటున్నాయి. రెండు వైపులా రేషన్ కార్డులు, రెండు వైపులా ఓట్లు. 2021లో ఆంధ్రా అక్కడ పంచాయతీ ఎన్నికలు పెడితే ఒడిశా సుప్రీంకోర్టుకి పరుగెత్తింది. ఇన్నాళ్ళూ ఇంతకు మించిన పౌరసత్వం ఉండదనుకున్నాను.

మొన్న ఆదివారం మా వీధి చర్చిలో అయ్యగారు మూడో ప్రభుత్వాన్ని తెచ్చారు. "మన పౌరస్థితి పరలోకమునందున్నది" అని బైబిల్లోని ఫిలిప్పీ పత్రిక చదివారు. చాప మీద కూర్చున్న మామ్మ చెంగు సర్దుకుంది.

"అయ్యగారూ, అక్కడికెళ్తే మనం ఒడిశా లెక్కా, ఆంధ్రా లెక్కా?"

"అక్కడ రాష్ట్రాలుండవు మామ్మా. పరలోక పట్టణం కొత్త యెరూషలేముకి పన్నెండు గుమ్మాలు, వాటిని మూయనే మూయరు."

నాకు ఇక్కడే అభ్యంతరం. బైబిల్ చివరి పుస్తకం ప్రకటన గ్రంథం ప్రకారం ఆ పట్టణానికి సూర్యకాంతపు రాళ్ళతో కట్టిన ప్రాకారం ఉంది. అంత ఖర్చు పెట్టి గోడ కట్టి, గేటు తెరిచి పెడితే ఆ వెంచర్‌లో ప్లాటు ఎవడు కొంటాడు? పక్కింటివాడు బయట ఉండిపోతేనే కదా లోపలున్నవాడికి స్వర్గం!

మామ్మ టెన్షన్ వేరే.

"చెక్‌పోస్టు లేదా బాబూ? ఆధార్ అడగరా?"

"జీవగ్రంథంలో పేరుంటే చాలు."

మామ్మ మొహం వాడిపోయింది. "మరైతే అందులో సరిగ్గా రాసారో లేదో ఎవుల్ని అడగాల? ఇక్కడ కార్డులో నా పేరు దగ్గర మా ఆయన పేరు పడిపోనాది. ఆరేళ్ళయి తిరుగుతున్నాను."

అయ్యగారు గబగబా ప్రార్థనకి లేవమన్నారు.