వెయ్యి పెంచిన్రట, చేతికి నూట ఎనభై ఐదు

మాది మైక్రోఫైనాన్స్ కంపెనీ, అంటె ఊర్ల ఆడోళ్ల గుంపులకు చిన్న లోన్లిచ్చేది. ఇంక్రిమెంట్ లెటర్లు నిన్న సాయంత్రం వదిలిండ్రు. టైం చూడుండ్రి, ఏడు దాటినంక. హెచ్‌ఆర్‌కు ఫోన్ కొడితే ఎత్తేటోడు ఉండొద్దు కదా. పది నిమిషాలల్ల గ్రూపు నిండ దండాల బొమ్మలే. థాంక్యూ సార్, మీ సపోర్ట్ మర్చిపోం సార్. అరే బై, థాంక్యూ కొట్టేముందు ఆ పీడీఎఫ్ రెండో పేజీ ఎవరన్న తెరిచిండ్రా?

మొదటి పేజీ మంచిగనే ఉన్నది. రంగులు, లోగో, పెద్ద సార్ సంతకం. నెలకు 19,500 ఉన్న ప్యాకేజీ 20,500 అయిందట. వెయ్యి పెరిగింది, మీ కష్టానికి గుర్తింపు అని రాసిండ్రు. గుర్తింపు మొదటి పేజీల, జీతం రెండో పేజీల.

ఊర్లల్ల తిరిగి కిస్తీలు వసూలు చేసే ఫీల్డాఫీసర్ గ్రేడు లెటర్ ముందట పెట్టుకొని లెక్క చూడుండ్రి. పెరిగిన 1,000ల 500 సక్కగ వేరియబుల్ పేల పడ్డది. 2,000 ఉన్నది 2,500 చేసిండ్రు. టార్గెట్ కొడితెనే అది పైసలు, లేకుంటె కాగితం. మిగిలిన 500ల కంపెనీ కట్టే పీఎఫ్ వాటా 60 పెరిగింది, బేసిక్ (మూల జీతం) 9,750 నుంచి 10,250 అయింది కాబట్టి. గ్రాట్యుటీ పేరు మీద 24. దవాఖాన బీమా ఈఎస్‌ఐల కంపెనీ వాటా 13. పీఎఫ్ ఖాతా నడిపే చార్జీలు, ఇన్సూరెన్స్ కలిపి 5. పీఎఫ్ ఆఫీసుకు కంపెనీ కట్టాల్సిన చార్జీ గూడ మన ప్యాకేజీలనే రాసుకుండ్రు. రేపు బ్రాంచ్ ఫ్యాన్ కరెంటు బిల్లు గూడ రాస్తరు, అదొక్కటి తక్కువైంది. ఇవన్ని పోంగ గ్రాస్ జీతంల, అంటె మన కోతలకు ముందటి జీతంల, పెరిగింది 398. అంటె 14,702 కాస్త 15,100 అయింది.

ఇగ అసలు దెబ్బ ఇక్కడ. తెలంగాణల ప్రొఫెషనల్ ట్యాక్స్ గ్రాస్ 15,000 దాక లేదు. 15,001 నుంచి 20,000 దాక నెలకు 150. నిన్నటిదాక ఆ గీతకు ఇవతల ఉన్న పిలగాన్ని సరిగ్గ వంద రూపాయలు అవతలికి నూకిండ్రు. వంద ఎక్కువొచ్చినందుకు 150 కోత. 398ల అది పోయె. మన వాటా పీఎఫ్ ఇంకో 60 పోయె. ఈఎస్‌ఐ 3 పోయె. చేతికి పెరిగింది 185 రూపాయలు. నెలకు. దినానికి ఆరు రూపాయల పైన చిల్లర. హన్మకొండ చౌరస్తల ఒక చాయ్ రాదు, సగం చాయ్ పోయమని అడగాలె.

కావాలని చేసిండ్రా అంటె, జీతాల లెక్క చేసే సాఫ్ట్‌వేర్‌ల ఆ స్లాబు ఉంటది. ఒక్కసారి రన్ కొడితె ఎవలకు ఎంత చేతికొస్తదో ముందే కనబడ్తది. వేరియబుల్‌ల 500 పెట్టకుండ అందుల సగం గ్రాస్‌ల వేసినా పిలగాండ్లు మంచిగుందురు. ఎవడు చూడలే. చూసినోడు ఊకున్నడు.

గ్రాట్యుటీ ముచ్చట గూడ ఇక్కడనే చెప్పాలె, లేకుంటె మర్చిపోత. బేసిక్ మీద 4.81 శాతం, అంటె నెలకు 493, మన ప్యాకేజీల మొదటి నెల నుంచే రాస్తరు. పర్మనెంట్ ఉద్యోగికి అది చేతికి రావాలంటె అదే కంపెనీల ఐదేండ్లు నిండాలె. మైక్రోఫైనాన్స్ ఫీల్డుల ఐదేండ్లు ఉన్నోన్ని ఒక్కన్ని చూపెట్టుండ్రి, శాలువ నేనే కప్పుత. మూడేండ్లకు మానేసినోని ప్యాకేజీల 36 నెలలు రాసిన ఆ గ్రాట్యుటీ ఎటు పోయింది? ఎటూ పోలే. కంపెనీ దగ్గర్నే ఉన్నది, అసలు బయటికి రాలే.

సరే, వేరియబుల్ 2,500 ఉన్నది కదా, కొట్టుకోవచ్చు కదా అంటరు. హైదరాబాద్‌ల ఏసీ రూముల కూసున్నోళ్లు గదే అంటరు. ఆ ఇన్సెంటివ్ గ్రిడ్, అంటె ఎంత వసూలుకు ఎంత పైసలో రాసిన పట్టీ, ఒకసారి చదువుండ్రి. కలెక్షన్ 99.5 శాతం దాటాలె. దాని కింద సున్న. ఒక ఆఫీసర్ కింద 450 మంది ఆడోళ్లున్నరు అనుకుందాం. అందరిది 50,000 లోను, 24 శాతం వడ్డి, 24 నెలలు. ఒక్కొక్కళ్ల కిస్తి 2,644. నెల డిమాండ్, అంటె వసూలు కావాల్సింది, 11,89,800. ఇద్దరు కట్టకపోతె 99.56 శాతం, బతికిండు. మూడో ఆమె కట్టకపోతె 99.33. అయిపాయె. 447 మంది దగ్గర వసూలు చేసినోనికి ఇన్సెంటివ్ గుండు సున్న.

ఆ మూడో ఆమె ఎందుకు కట్టలే? ఎందుకంటె ఆమె మిర్పకాయ ఏరనీకె పోయింది, కూలి పైసలు వారానికిస్తమన్నరు. లేకుంటె ఇంటాయనను వరంగల్ ఎంజీఎం దవాఖానల పండవెట్టిండ్రు. ఎనుమాముల మార్కెట్‌కు పత్తి పోయింది, పైసలు ఇంక రాలే. ఈ జిల్లాల పైసలు ఎప్పుడు తిరుగుతయో పొలం చెప్తది, డిమాండ్ షీట్ చెప్పదు.

అప్పుడు నెలాఖరు రోజు పొద్దుగూకే యాళ్లకు బీఎం, అంటె బ్రాంచ్ మేనేజర్, ఫోన్ చేస్తడు. "తమ్మీ, ఒక్క కిస్తే కదా, నువ్వు ఏసెయ్. రేపు ఆమె దగ్గర తీస్కో." పిలగాడు ఏస్తడు. 2,500 ఇన్సెంటివ్ కాపాడుకోనీకె జేబులకెంచి 2,644 కడ్తడు. 144 నష్టం, ఇన్సెంటివ్ వచ్చినంక గూడ. గిది ఏ స్కూల్ల నేర్చిన లెక్కనో. అయినా కడ్తరు, ఎందుకంటె పొద్దుగాల కాన్ఫరెన్స్ కాల్‌ల ఏరియా మేనేజర్ అందరి ముందట పేరు పెట్టి తిట్టుడు ఆ 144 కన్న ఎక్కువ కొడ్తది. ఆ 2,644 మల్ల ఆమె ఇచ్చిందా లేదా అనేది ఏ సిస్టంల ఉండదు. కంపెనీ పుస్తకంల ఆమె కట్టింది. ఆమెకు తెల్వక మల్ల వచ్చే నెల కిస్తి ఒక్కటే కడ్తది. బాకి ఇప్పుడు ఆమెకు పిలగానికి మధ్యల. అదీ సంగతి, కంపెనీ రిస్కు మొత్తం బండి మీద తిరిగేటోని జేబులకు దిగిపాయె.

దొంగనోటు అంతే. ఊర్ల ఆడోళ్లు కిస్తి కట్టనీకె కూడే సెంటర్ మీటింగుల ముప్పై మంది పైసలు లెక్కవెట్టుకుంట, రాసుకుంట, ట్యాబ్‌ల కొట్టుకుంట ఉంటె 500 నోటు ఒకటి తేడా పడ్తది. బ్యాంకుల జమ చేసేకాడ మిషన్ పట్టుకుంటది. బ్యాంకోళ్లు ఆ నోటు వాపస్ ఇయ్యరు, విలువ ఇయ్యరు, ముద్ర కొట్టి పెట్టుకుంటరు. రూల్ అది, వాళ్ల తప్పు లేదు. కాని ఆ 500 ఎవలు భరించాలె? కంపెనీ అయితె కాదు. షార్టేజి ఆఫీసర్ పేరు మీద. 185 పెంపుల రెండు నెలల పెంపు పాయె, ఇంక 130 బాకి.

ఇగ పెట్రోల్. నర్సంపేట బ్రాంచ్ నుంచి నల్లబెల్లి, దుగ్గొండి, ఖానాపురం తిరిగి వచ్చేసరికి బండి మీటర్ల 80 కిలోమీటర్లు. కంపెనీ యాప్‌ల 52. ఎట్ల? యాప్ మనం పోయిన తొవ్వను కొల్వదు, ఒక జాగల చెక్-ఇన్ (యాప్‌ల హాజరు) కొట్టిన కాడినుంచి ఇంకో చెక్-ఇన్‌కు గీత గీసినట్టు కొలుస్తది. వంపులు లెక్క లేవు. కట్టని ఆమె ఇంటికి రెండోసారి పోతె చెక్-ఇన్ అక్కడనే ఉన్నది కాబట్టి లెక్క లేదు. పాకాల దిక్కు అడవిల సిగ్నల్ పోతె ఆ పాయింటే పడదు. కిలోమీటరుకు రెండున్నర చొప్పున 52కు 130 ఇస్తరు. 45 మైలేజి వచ్చే బండికి 80 కిలోమీటర్లకు లీటరు ముప్పావు పైన తాగుతది, లీటరు నూట ఏడు లెక్కన 190. దినానికి 60 లోటు. 25 రోజులకు 1,500. నెలకు రెండు వేల కిలోమీటర్లు తిరిగే బండికి నెలన్నరకోసారి ఇంజనాయిల్, అది వేరే. టైర్లు, చైన్‌సెట్టు వేరే. పెంచింది 185, పెట్రోల్‌ల గుంజుకునేది 1,500.

అందుకే చెప్తున్న, పొద్దుగాల బండి తీసేటప్పుడు, రాత్రి పెట్టేటప్పుడు మీటర్ ఫోటో కొట్టుండ్రి. తేదీ, టైం పడేటట్టు. నెలాఖరుకు తేడా ఎంతో మెయిల్ పెట్టుండ్రి. వాట్సాప్‌ల కాదు, మెయిల్‌ల. వాట్సాప్ గ్రూపుల పెడితె అడ్మిన్ డిలీట్ కొడ్తడు, పెట్టినోన్ని గూడ తీసేస్తడు.

ఇప్పుడు ఇంకో మాట. ఇది జీతం ముచ్చట కాదు గని కడుపు మండుతది. మైక్రోఫైనాన్స్ వసూళ్ల మీద రిజర్వ్ బ్యాంక్ 2022ల ఆదేశాలిచ్చింది. పొద్దున తొమ్మిదికి ముందు, సాయంత్రం ఆరు తర్వాత ఫోన్ చేయొద్దు. వసూలు అందరు ఒప్పుకున్న ఒక జాగలనే చెయ్యాలె. ఆ జాగకు వరుసగ రెండుసార్లు రాకపోతెనే ఇంటికో పనికాడికో పోవాలె. ఉద్యోగి తప్పుగ నడుచుకుంటె జవాబుదారీ కంపెనీదే. అన్ని అందుల ఉన్నయ్. మరి బీఎం ఏమంటడు? "ఇంటి ముందట కూసో, ఫోటో పెట్టు." ఆ ఫోటో మీద యాపే ముద్ర కొడ్తది, రాత్రి 8:15 అని, ఏ ఊరో గూడ. కంపెనీ రూల్ తప్పిందనేదానికి సాక్ష్యం కంపెనీ సర్వర్లనే ఉంటది. కాని రేపు ఆమె ఫిర్యాదు చేస్తె షోకాజ్ నోటీసు ఎవలకొస్తది? "ఉద్యోగి వ్యక్తిగతంగా నిబంధనలు ఉల్లంఘించాడు" అని పిలగానికి. రాత్రి ఫోన్‌ల చెప్పిన బీఎం మాట ఏ కాగితం మీద లేదు. అందుకనే నోటితోని చెప్తరు.

పాత పుండు ఇదే. 2010ల ఏమైందో ఈ జిల్లాలోళ్లకు చెప్పనక్కర లేదు. మైక్రోఫైనాన్స్ అప్పు తీసుకున్నోళ్ల చావులు, అక్టోబర్‌ల వసూళ్ల మీద ఉమ్మడి రాష్ట్రం ఆర్డినెన్సు, మల్ల ఏడాది చట్టం. ఊర్లల్ల జనం ఎవల మీద పడ్డరు? బండి మీద వచ్చిన డిగ్రీ పిలగాని మీద. వాడే వసూలు చేసిండు కాబట్టి వాడే కంపెనీ అనుకున్నరు. వానికి టార్గెట్ రాసినోడు ఆ ఊరు మొఖం చూడలే. పైనోళ్లు ఇంకో కంపెనీకి పోయిండ్రు, కిందోళ్లు పత్తి మిల్లుల హమాలీకి పోయిండ్రు. 2023ల హైకోర్టు, రిజర్వ్ బ్యాంక్ కింద రిజిస్టర్ అయిన కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదన్నది. ఇగ మల్ల బోర్డులు లేచినయ్, మల్ల అదే గుంపు లోన్లు, అదే సెంటర్ లీడర్లు. పిలగాండ్లు మాత్రం కొత్తోళ్లు. 2010ల వాళ్లు అంగన్‌వాడిల ఉన్నరు, అందుకే చేరిండ్రు.

మానేస్తమంటె మానెయ్యనీయరు గూడ. చేరేటప్పుడు వెరిఫికేషన్ అని టెన్త్ మెమో, డిగ్రీ ఒరిజినల్స్ తీసుకుంటరు. వెరిఫికేషన్ అంటె చూసి ఇచ్చుడు. వీళ్లు బీరువాల పెట్టి తాళం ఏస్తరు. రాజీనామా పెట్టినంక ఆ పాత షార్టేజీలు, ఏడాది కింద ఓడీలు (కట్టని కిస్తీలు) అన్ని ఒక్కసారి లెక్కలకొస్తయ్. 2025 నవంబర్ 21 నుంచి అమలైన వేతనాల కోడ్‌ల రాజీనామా చేసినోని జీతం రెండు పని దినాలల్ల తేల్చాలని ఉన్నది. వీళ్ల హెచ్‌ఆర్ క్యాలెండర్‌ల రెండు దినాలంటె రెండు నెలలు. అడిగితె "ఆడిట్ నడుస్తుంది బ్రదర్". ఆడిట్ ఎన్నడు ఆగింది గనుక.

పీఎఫ్ దగ్గర గూడ ఒక మెలిక పెడ్తరు, డేట్ ఆఫ్ ఎగ్జిట్, అంటె ఉద్యోగం మానేసిన తేదీ, వెయ్యరు. అది లేకపోతె పైసలు పూర్తిగ తీసుకోనీకె రాదు. దానికోసం ఏరియా మేనేజర్ గదవ పట్టుకొని బతిమాలనక్కర లేదు. ఆఖరి జమ పడ్డ రెండు నెలలకు పీఎఫ్ వాళ్ల యూఏఎన్ పోర్టల్‌ల లాగిన్ అయి మీరే వేసుకోవచ్చు. మేనేజ్ ట్యాబ్ కింద మార్క్ ఎగ్జిట్ అని ఉంటది, ఆధార్ నంబర్ ఫోన్‌కు ఓటీపీ వస్తది. కాని తేదీ జాగ్రత్తగ చూసి వెయ్యండ్రి. కొత్త కంపెనీల చేరిన తేదీ దాటినంక తేదీ పడితె సర్వీసు ఒక్కటే టైంల రెండు దిక్కుల కనబడి క్లెయిమ్‌కు తిప్పలు రావచ్చు. ఇంకోటి, ఉద్యోగంల ఉన్నప్పుడే పాస్‌బుక్ నెలనెలా చూసుకోండ్రి. పే స్లిప్పుల కోసిన 1,230 పాస్‌బుక్‌ల పడ్డదా లేదా. కంపెనీ వాటా పెన్షన్‌కు కొంత, పీఎఫ్‌కు కొంత విడిపోతది, అది చూసి తక్కువ పడ్డదని గాబరా పడకుండ్రి.

రాజీనామా కొట్టేముందు పే స్లిప్పులు, మీటర్ ఫోటోలు, ఇన్సెంటివ్ గ్రిడ్ మెయిల్, షార్టేజి కట్టిన ఫోన్‌పే రసీదులు అన్ని సొంత మెయిల్‌కు పంపుకోండ్రి. ముందు. లెటర్ పెట్టిన గంటల యాప్ లాగిన్ పోతది. పైసలు పంపనీకె రెండు నెలలు పట్టేటోళ్లకు లాగిన్ తీసెయ్యనీకె గంట చాలు.

అన్నట్టు, ఆ లెటర్ ఆఖరి లైను చదివిండ్రా? "మీ వేతన వివరాలు గోప్యంగా ఉంచవలెను, తోటి ఉద్యోగులతో చర్చించరాదు." నూట ఎనభై ఐదు రూపాయలు సార్. ఎవలకు చెప్పం, మాకే సిగ్గు.