దాతల పేర్లు బంగారు అక్షరాల్లో, చచ్చిపోయినవాళ్ళది ఒక అంకె

బాసరలో వీరమరణం పొందాడంట. బాసరలో!

నిన్న ఆగస్టు పదిహేను కదా. మా ఊరి చావడి పక్కన మొదటి ప్రపంచ యుద్ధం నాటి రాయి ఒకటి ఉంది. దానికి కొత్తగా దిమ్మె కట్టి, చుట్టూ స్టీలు రెయిలింగ్ వేసి, "అమరవీరుల స్మారకం" అని పేరు పెట్టి రిబ్బన్ కట్ చేశారు. మైకు దొరికిన పెద్దమనిషి ఒకాయన కాగితం చూసుకుంటూ మా ముత్తాత తమ్ముడు "బాసర యుద్ధంలో శత్రువుల గుండెల్లో నిద్రపోయి" ప్రాణాలర్పించాడని చదివాడు. జనం చప్పట్లు. బాబూ, అది బస్రా. ఇరాక్‌లో ఉంది. బాసరలో ఉన్నది సరస్వతమ్మ గుడి, అక్కడ పిల్లలకి అక్షరాభ్యాసం చేయిస్తారు. తమరికి చేయించినట్టు లేదు.

పోనీ, కాగితం రాసిచ్చినవాడికి తెలీదు, చదివినవాడికి అసలే తెలీదు, వదిలేద్దాం. నాకు మండింది ఆ కొత్త నల్ల గ్రానైట్ పలక చూసి. పైన దేవుడి బొమ్మ. దాని కింద ఆవిష్కర్తల పేర్లు, పదవులతో సహా, ఊడిపోయిన పదవులకి "మాజీ" తగిలించి మరీ. దాని కింద దాతలు. 1,00,116 ఇచ్చినాయన, 50,116 ఇచ్చినాయన, 10,116 వాళ్ళు వరసగా. ఇంటిపేర్లు, తండ్రి పేర్లు, బ్రాకెట్లో డల్లాస్, మెల్‌బోర్న్, కూకట్‌పల్లి. అన్నీ బంగారు రంగు అక్షరాలు. అందులో సగం "కీ.శే. ఫలానా వారి జ్ఞాపకార్థం". అంటే యుద్ధంలో పోయినవాళ్ళ రాయి మీదకి, షుగరొచ్చి ఇంట్లో మంచం మీద పోయినవాళ్ళ పేర్లు ఎక్కాయి. యుద్ధంలో పోయినవాళ్ళ పేర్లు ఎక్కడా అంటే, లేవు. అట్టడుగున ఒకే ఒక్క లైను: "మొదటి ప్రపంచ యుద్ధంలో అసువులు బాసిన 3 వీరులకు నివాళి".

మూడు వీరులు. మూడు బస్తాలు అన్నట్టు. ముగ్గురు అని రాయడానికి కూడా గ్రానైట్ చాలలేదు కాబోలు.

మనకి దాత పేరు రాయందే ఏ పనీ అవదు కదా. మా ఊరి గుళ్ళో ట్యూబ్‌లైటు మీద దాత పేరు, ఆయన శ్రీమతి పేరు, ఊరు, సెల్ నంబరు రాసి రాసి వెలుతురు బయటికి రావడం మానేసింది. శ్మశానంలో సిమెంటు బెంచీకీ దాత ఉన్నాడు. బస్టాపులో కుళాయి లేని చలివేంద్రానికీ ఉన్నాడు. అవన్నీ భరించాం. కానీ చచ్చిపోయినవాళ్ళ కోసమే పెట్టిన రాయి మీద కూడా వాళ్ళకే చోటు లేకపోతే, ఇక ఆ రాయి ఎవరి కోసం పాతినట్టు?

"పాత రాయి మీద కూడా పేర్లు లేవుగా" అని ఒకాయన అప్పుడే లాజిక్ తీశాడు. అవును, లేవు. పాతింది తెల్లవాడు. ఆ రోజుల్లో మద్రాసు ప్రెసిడెన్సీలోనూ, దేశంలో ఇంకా చాలాచోట్లా పల్లెల్లో ఇవే రాళ్ళు పాతారు. అన్నిటి మీదా ఇంగ్లీషులో దాదాపు ఒకటే మాట: ఈ గ్రామం నుంచి 1914–1919 మహాయుద్ధానికి ఇంతమంది వెళ్ళారు, వాళ్ళలో ఇంతమంది ప్రాణాలిచ్చారు. ఊరు మారితే అంకె మారుతుంది, అంతే. మా ఊరిది 14, 3. బస్రాలో 1929లో వాళ్ళు కట్టిన పెద్ద స్మారకం మీదా అదే వరస. తెల్ల సిపాయికి పేరు, భారతీయ ఆఫీసరుకి పేరు, మామూలు భారతీయ సిపాయికి రెజిమెంటు కింద ఒక అంకె. 

అయితే ఆ తెల్లవాడే 2021లో తప్పు ఒప్పుకున్నాడు. యుద్ధాల్లో పోయిన అప్పటి సామ్రాజ్య సైనికుల సమాధులు, స్మారకాలు చూసే కామన్వెల్త్ వార్ గ్రేవ్స్ కమిషన్ వాళ్ళు ఒక నివేదిక వేశారు. భారతీయులతో సహా 45 నుంచి 54 వేల మందికి తెల్లవాళ్ళతో సమానమైన గుర్తింపు దక్కలేదని, ఇంకా కనీసం 1,16,000 మందికి, ఎక్కువగా తూర్పు ఆఫ్రికన్లకీ ఈజిప్టు వాళ్ళకీ, బహుశా 3,50,000 మందికి కూడా, పేరుతో గుర్తింపు గానీ, అసలు ఏ గుర్తింపూ గానీ దక్కలేదని, దాని వెనక జాతి వివక్ష ఉందని చెప్పి క్షమాపణ అడిగారు. వందేళ్ళు పట్టింది, సరే. వాళ్ళు సారీ చెప్పిన తర్వాత కూడా మనం లక్షలు వసూలు చేసి, కొత్త గ్రానైట్ తెచ్చి, అదే తప్పు బంగారు రంగులో మళ్ళీ చెక్కించాం. స్వతంత్ర దినోత్సవం రోజున. జాతీయ గీతం పాడి.

ఎవరండీ ఆ ముగ్గురు? నాకు ఒకరి గురించి బాగా తెలుసు, ఇంకొకరి గురించి కొంచెం. మూడో ఆయన గురించి పేటలో, అంటే దళితవాడలో, పెద్దవాళ్ళని అడిగితే తెలుస్తుంది. కమిటీలో ఒక్కరు కూడా పేటకి వెళ్ళి అడగలేదు. వెళ్ళిన పద్నాలుగు మందిలో ఐదుగురో ఆరుగురో పేట నుంచి వెళ్ళినవాళ్ళేనని మా నాయనమ్మ చెప్పేది. వాళ్ళు యుద్ధం నుంచి తిరిగొచ్చాక కూడా ఆ చావడి అరుగు మీద కూర్చోనిచ్చేవాళ్ళు కాదట. ఫ్రాన్సు చూసొచ్చినవాడికి, టైగ్రిస్ నది చూసొచ్చినవాడికి సొంత ఊళ్ళో అరుగు లేదు. నిన్నటి పలక మీద కూడా పేట నుంచి ఒక్క పేరు లేదు, దాతల్లో కూడా. చందా అడగడానికి కూడా అటువైపు వెళ్ళలేదన్నమాట. ఇది రాస్తే కులం తెస్తున్నానంటారు. నేను తెచ్చేదేముంది, ఊరు కట్టినప్పుడే తెచ్చి పెట్టారుగా.

మా ముత్తాత తమ్ముడి సంగతి చెప్తాను. ఆయన గుండెల్లో నిద్రపోలేదు, ఎవరినీ చంపలేదు, అసలు తుపాకీ పట్టుకోలేదు. డోలీ మోసేవాడు. దెబ్బతిన్న సిపాయిల్ని భుజాన వేసుకుని డాక్టరు గుడారం దాకా తెచ్చే పని. ఇంట్లో అప్పు, వరసగా రెండేళ్ళు పంట పోయింది, పై ఊరి నుంచి సర్కారు మనిషి వచ్చి జీతం, తిండి, బట్ట అన్నాడు, వెళ్ళాడు. సిపాయికే అప్పట్లో నెలకి 11 రూపాయలు. ఈయనకి అంతకన్నా తక్కువే. మద్రాసు ప్రెసిడెన్సీ నుంచి ఆ యుద్ధానికి 51 వేల చిల్లర మంది సిపాయిలు వెళితే, 41 వేల చిల్లర మంది ఇలా మోతపనికీ, గాడిదలు తోలడానికీ, వంటకీ, నీళ్ళకీ వెళ్ళారు. ఎవరి లెక్కలోనూ వీరులు కాదు వీళ్ళు.

1916లో ఇరాక్‌లోని కూత్ అనే ఊళ్ళో టర్కీవాళ్ళ ముట్టడిలో చిక్కుకున్న బ్రిటిష్ ఇండియా సైన్యాన్ని విడిపించడానికి బస్రా నుంచి దళాల మీద దళాలు పంపారు. విడిపించలేకపోయారు. ఏప్రిల్ 29న లోపలున్న సుమారు 13 వేల మంది లొంగిపోయారు. దెబ్బతిన్నవాళ్ళని మోయడానికి సరైన బళ్ళు లేవు, మందుల్లేవు, పడవలు చాలలేదు. ఇది నేను ఆవేశంలో అంటున్న మాట కాదు, బ్రిటిష్ వాళ్ళే కమిషన్ వేసుకుని 1917లో తిట్టుకున్న మాట. బళ్ళు లేనిచోట మోసింది ఎవరు మరి? ఆయన ఆ మోతలోనే నెత్తురు విరేచనాలు పట్టుకుని బస్రా ఆసుపత్రిలో పోయాడు. పక్క ఊరి తోటివాడు తిరిగొచ్చి చెప్పాడు. అంతే, వీరగాథ అయిపోయింది. ఆయన పాతికేళ్ళు కూడా నిండనివాడు, ఈత బాగా వచ్చినవాడు, పెళ్ళయి ఏడాది తిరక్కుండానే పడవెక్కినవాడు. దీన్ని మైకులో చెబితే చప్పట్లు పడవని భయమా? విరేచనాలతో పోతే అమరుడు కాడా?

ఈలోపు ఊరి వాట్సాప్ గ్రూపులో ఒక మేధావి: "వాళ్ళు ఇంగ్లీషోడి కోసం చచ్చారు, దేశం కోసం కాదు, మనం ఎందుకు గుర్తుపెట్టుకోవాలి?" ఈయన కొడుకు టెక్సాస్‌లో ఎవరి కోసం పనిచేస్తున్నాడో అడుగుదామనుకున్నా. అడిగేశా కూడా. 1918లో గాంధీగారే ఖేడా జిల్లాలో ఊరూరూ తిరిగి సైన్యంలో చేరమని చెప్పారు. చేరితే స్వరాజ్యం దగ్గరపడుతుందని అప్పటి పెద్ద నాయకులు చాలామంది నమ్మారు. పెద్దలు నమ్మితే అది రాజకీయం, పదకొండు రూపాయల కోసం వెళ్ళినవాడిదైతే ద్రోహం. బాగుంది.

ఇంకొకాయన: "మనవాళ్ళు యుద్ధాలకి పనికిరారండీ, పంజాబీలు, గూర్ఖాలు వేరు." ఇది తెల్లవాడు నేర్పిన పాఠమే, మనం ఇంకా ఒప్పజెబుతున్నాం. మద్రాసు సైన్యానికి అధిపతిగా చేసిన రాబర్ట్స్ దొర దక్షిణాది వాళ్ళలో పోరాడే గుణం తగ్గిపోయిందని తేల్చి, తర్వాత మొత్తం దేశానికి సేనాధిపతి అయ్యాక వీళ్ళ పటాలాలు కోయించాడు. మళ్ళీ రెండో యుద్ధం మీదకొచ్చేసరికి అదే దక్షిణాది వాళ్ళు కావలసొచ్చారు. మా జిల్లాలోనే తాడేపల్లిగూడెం దగ్గర మిలిటరీ మాధవరం ఉంది, తరతరాలుగా సైన్యానికి మనుషుల్ని పంపుతూనే ఉంది. వెళ్ళి ఆ ఊళ్ళో చెప్పండి పనికిరారని, తిరిగొచ్చాక మాట్లాడుకుందాం. పంజాబ్ సంగతి అంటారా, అక్కడ యుద్ధానికి వెళ్ళినవాళ్ళ పేర్లు ఊరి వారీగా రిజిస్టర్లలో రాసిపెట్టారు. లాహోర్ మ్యూజియంలో దాదాపు వందేళ్ళు మూలపడి ఉంటే, బయటికి తీసి కంప్యూటర్లో పెట్టారు. 3,20,000 మంది వివరాలు. మనవాళ్ళు మూడు పేర్లు కనుక్కోలేకపోయారు.

సూర్యాపేటలో కల్నల్ సంతోష్ బాబుగారికి విగ్రహం పెట్టారు. పెట్టాల్సిందే, గల్వాన్‌లో ఆయన చేసింది అందరికీ తెలుసు. నా బాధల్లా, టీవీలో చూసినవాళ్ళే మనకి గుర్తుంటారు. 1916లో టీవీ లేకపోవడం డోలీ మోసినవాడి తప్పయింది.

ఇప్పుడు అసలు విషయం. దీన్ని రాయకుండా ఉందామనుకున్నా, ఉండలేను. ఆ 1,00,116 దాత ఎవరో మా ఊరివాళ్ళకి తెలుసు. ఆయన ముత్తాత అప్పట్లో మా ఊరి మునసబు, అంటే సర్కారు తరఫున గ్రామాధికారి. బస్రాలో పోయిన మా ముత్తాత తమ్ముడి భార్యకి సర్కారు చిన్న పింఛను ఇచ్చేది. ఆవిడకి అప్పటికి పదహారేళ్ళు ఉంటాయో ఉండవో. ఊరంతా ఆవిడని పింఛనమ్మ అనే పిలిచారు, బతికినన్నాళ్ళూ. ఆ పింఛను రావాలంటే "ఈమె బతికే ఉంది, మళ్ళీ పెళ్ళి చేసుకోలేదు" అని మునసబు కాగితం రాసివ్వాలి. ఆ రెండు ముక్కలు రాయడానికి ఆయన రూపాయికి రెండణాలు పట్టుకునేవాడు. ఒకసారి ఇవ్వలేదని, పెళ్ళి సంగతి విచారించాలంటూ కాగితం ఆపేశాడు. ఆ వయసు పిల్లని చావడి ముందు నిలబెట్టి విచారణ. ఏ చావడి ముందో చెప్పక్కర్లేదు కదా. ఆ రెండణాలు మా ఇంట్లో ఎవరూ మర్చిపోలేదు. 1984లో ఎన్టీఆర్ మునసబు, కరణం ఉద్యోగాలు ఎత్తేస్తే మా నాన్న ఊళ్ళో లడ్డూలు పంచాడు. పార్టీ మీద ప్రేమ అనుకున్నారు అందరూ.

ఇప్పుడు ఆ ఇంటి పేరు పలక మీద దాతలందరికన్నా పైన, పెద్ద అక్షరాల్లో, "మునసబుగారి జ్ఞాపకార్థం" అని. పింఛనమ్మ మొగుడు ఆ 3 లో ఉన్నాడు. లెక్క చూస్తే ఆ లక్షలో మా డబ్బు ఎంతుందో మరి, వడ్డీ కట్టే ఓపిక నాకు లేదు.

నేనేదో ఇవాళ లేచి గొడవ చేస్తున్నానని అనుకోవద్దు. పలక చెక్కించడానికి ముందే కమిటీకి కాగితం రాసిచ్చాను. మాకు తెలిసిన ఇద్దరి పేర్లు, తండ్రుల పేర్లు, ఎక్కడ పోయారో, ఏ పనికి వెళ్ళారో, మూడో ఆయన గురించి పేటలో ఎవరిని అడగాలో కూడా. "చూద్దాం బాబాయ్, స్పేస్ ప్రాబ్లం" అన్నాడు కుర్రాడు. స్పేస్ ప్రాబ్లం! ఆవిష్కర్తల్లో ఒకాయన పేరు రెండుసార్లు ఉంది, ఒకసారి ముఖ్య అతిథిగా, ఒకసారి గౌరవ సలహాదారుగా. ఆ కాగితంలో బస్రా పక్కన "ఇరాక్" అని కూడా రాశాను. మైకులో చదివినాయనకి అది కనిపించలేదు, బాసర కనిపించింది.

నిన్న సాయంత్రం ఇదంతా గ్రూపులో పెడితే, పదిమంది దణ్ణం ఎమోజీలు పెట్టారు, ఇద్దరు జెండాలు పెట్టారు, ఒకాయన "మంచి రోజున నెగెటివిటీ వద్దు" అన్నాడు. రాత్రికి అడ్మిన్ నన్ను గ్రూపులోంచి తీసేశాడు. అడ్మిన్ ఎవరి మునిమనవడో ఊహించుకోండి. బాబూ, గ్రూపులోంచి తీశావు గానీ పంచాయతీలో నేనిచ్చిన కాగితానికి రసీదు తీసుకున్నా, స్టాంపుతో సహా. రేపు సోమవారం దాని మీద జవాబు అడగడానికి వస్తున్నా, పేట నుంచి పెద్దాయన్ని కూడా తీసుకుని. కుర్చీలు రెండు వేయించు.