అన్నీ డబుల్ జేసిన, అద్దం తప్ప

ముందుగాల ఒక మాట. నేను ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెప్తా, పదిహేడేండ్ల సంది. ప్రవాహుల యాంత్రిక ధర్మాలు అని ఒక చాప్టర్ ఉంటది, అందుల నీళ్ల పీడనం హెచ్ రో జి, అంటే లోతు, సాంద్రత, గురుత్వం గుణిస్తే వచ్చేది అని బోర్డు మీద రాసి, "లోతు ముఖ్యం, పొడుగు గాదు, వెడల్పు గాదు" అని క్లాసు మొత్తంతోని మూడుసార్లు పలికిస్త. ఇది మొన్న ఆదివారం హన్మకొండల మా కిరాయింట్ల జరిగిన ముచ్చట, సోఫా కింద ఇంకా తడి ఆరలే.

రెండేండ్ల కింద సొంతంగ ఒక చిన్న ఆక్వేరియం చేసిన. రెండు ఫీట్లు పొడుగు, ఫీటు వెడల్పు, ఫీటు ఎత్తు, ఐదు ఎంఎం అద్దం. ఒక్క చుక్క కారలే. ఇంటికొచ్చినోళ్లంత "సారే చేసిండట" అంటుంటే నాకు జర ఎక్కింది. ఈసారి నాలుగు ఫీట్లు, రెండు ఫీట్లు, రెండు ఫీట్లు అనుకున్న. అన్నీ డబుల్.

వరంగల్ చౌరస్తా దిక్కు ఒక అద్దాల షాపుకు పోయి "పదో పన్నెండో ఎంఎం కావాల్నేమో అన్నా" అంటే ఆయన కుర్చీల నుంచి లేవకుంటనే "ఎందుకు సార్ దండగ, మేం మూడో అంతస్తు కిటికీలకే ఐదు వేస్తున్నం, ఎంత గాలిదుమారమొచ్చినా పగుల్తలేదు" అన్నడు. కిటికీకి, నీళ్ల తొట్టికి సంబంధం ఏందని నేను అడగాలె. అడగలే, ఎందుకంటే అప్పటికే పన్నెండు ఎంఎం రేటు ఇన్న, ఇనంగనే నాల ఉన్న ఫిజిక్స్ మొత్తం మెత్తవడ్డది. మళ్ల ఆయనే "పోనీ టఫెన్డ్ తీస్కపోండ్రి, ఇంటికాడ మీ కొలతకు కోసుకోవచ్చు" అన్నడు. టఫెన్డ్ అంటే కాల్చి సప్పున సల్లార్చి గట్టి చేసిన అద్దం, ఒకసారి తయారైనంక ఇగ కోసుడుండదు, కోయవోతే మొత్తం పుట్నాలంత ముక్కలై కూలుతది. అద్దాలమ్మెటాయనకు ఇది నేను చెప్పాల్సొచ్చింది. చెప్పి ఆయన నోరు మూయించిన సంతోషంల ఐదు ఎంఎంకే పైసలు కట్టి వచ్చిన.

అతికిచ్చుడు, ఆరవెట్టుడు, స్టాండ్ మీద థర్మాకోల్ పరుసుడు అదంత వదిలేస్త. సిలికాన్ వెనిగర్ వాసన వడక మా ఇంటామె పోరన్ని తీస్కొని తల్లిగారింటికి హుజురాబాద్ పోయింది, గంతే.

ఆదివారం పొద్దుగాల పైపు వెట్టి నింపిన. పదహారు ఘనపుటడుగులు, అంటే 450 లీటర్లు, అంటే 450 కిలోలు. పాత దాంట్లకెల్లి నాలుగు గోల్డ్ ఫిష్‌లను గూడ వదిలిన, ఆత్రం. ఇగ దూరంగ నిలవడి మురుసుకుంట చూస్తుంటే ముంగట అద్దంల మా కిటికీ నీడ కనవడ్డది, దాని ఊచలు విల్లులెక్క వంగి ఉన్నయి. కిటికీ దిక్కు మర్లి చూసిన. ఊచలు సక్కగనే ఉన్నయి. పోరని స్టీలు స్కేలు తెచ్చి అద్దం పై అంచుకు ఆనిచ్చిన, అది ఆడుకునే తక్కెడ లెక్క అటు ఇటు ఊగుతుంది, నడుమ అద్దం దగ్గర దగ్గర వేలు మందం బయటికి వచ్చింది. అప్పుడే ఎక్కడ్నో "టిక్" అన్నది.

నేను చేసిన పనేందంటే, రెండు చేతులు బార్లా చాపి, రొమ్ము, పొట్ట అద్దానికి ఆనిచ్చి ఆ తొట్టిని అలాయ్ బలాయ్ తీస్కున్న.

తీస్కున్నంక సమజైంది, ఇగ వదులుడు లేదు. బకెట్ బాత్రూంల ఉంది, పైపు బాల్కనీల ఉంది, ఫోను మంచం మీద ఉంది. ఏ పనికైనా ఒక చెయ్యి తియ్యాలె. తీస్తే పగుల్తదేమో. ఇగ చేసేదేం లేక లెక్కలు వేసిన. పాత చిన్న తొట్టి ముంగటి అద్దం మీద నీళ్ల తోపు సుమారు 28 కిలోలు. దీని మీద 225. ఎనిమిదంతలు. ఎత్తు డబులైతే ఊకె డబులు గాదు, నాలుగంతలు, దానికి పొడుగు గూడ డబుల్ జేసిన గదా. నా బరువు 74 కిలోలు, అదిగూడ నిలవడి ఉన్న. ఇంకో సంగతి గూడ అప్పుడే యాదికొచ్చింది. ఈ అద్దం ఎనుక రెండు ఫీట్ల వెడల్పు నీళ్లున్నా, భద్రకాళి చెరువు మొత్తం ఉన్నా, లోతు రెండు ఫీట్లే అయితే అద్దం మీద పడేది ఒక్కటే బరువు. అంటే నేను లుంగీ మీద భద్రకాళి చెరువును ఆపుతున్న.

చేపలేమో నా గదువ కిందికొచ్చి నోళ్లు తెరుస్తున్నయి, తిండి వేస్తననుకొని.

"సార్! ఓ సార్! జర పైకి రాండ్రి!" అని ఒర్రిన. కింద ఇంటి ఓనర్ ఉంటడు, ఇరిగేషన్ల ఇంజనీర్ చేసి రిటైరైన మనిషి. "మోటర్ ఎప్పుడో బంద్ చేసిన, పొద్దటి సంది మీరే వాడుతున్నరు ట్యాంకు మొత్తం" అని కిందికెల్లే జవాబిచ్చిండు. ఇంకో నాలుగుసార్లు ఒర్రితే వచ్చిండు. వచ్చి, తలుపుకాడ నిలవడి, నన్ను మీదికెల్లి కిందిదాక చూసి, "ఏంది సారూ, దిష్టి తీస్తున్నరా?" అన్నడు.

సంగతి చెప్పిన. వేరే ఎవరన్నైతే బకెట్ కోసం ఉరుకుతరు. ఆయన కుర్చీ గుంజుకొని కూసున్నడు. "ఎన్ని ఎంఎం?" ఐదు అన్న. "ఫ్యాక్టర్ ఆఫ్ సేఫ్టీ ఎంత వెట్టిండ్రు?" అంటే అద్దం మీద పడే ఒత్తుడుకు ఎన్నంతల ఒత్తుడైనా ఆగేటట్టు చేసిండ్రు అని. ఆక్వేరియాలకు 3.8 పెట్టుకుంటరని నాకు ఎర్కనే, గాజు ఇనుము లెక్క మెల్లగ వంగి ఆగది, సప్పున పోతది, అందుకే అంత పెడతరు, ఆ లెక్కన నాకు పన్నెండు ఎంఎం పడేది. నేను పెట్టిన దానికి ఒకటి గూడ వచ్చేటట్టు లేదు. పై అంచు పొంటి పట్టీలన్న అతికిస్తే వంగుడు తగ్గేది, చూపుకు బాగుండదని అది గూడ మానేసిన. ఇవన్ని చెప్పే ఓపిక లేక "పెట్టలే సార్" అన్న.

"కట్ట అడుగున వెడల్పు ఎందుకుంటదో తెల్సా?" అని షురూ చేసిండు. తెల్సు సార్ అన్న. అయినా చెప్పిండు. పాకాల చెరువు, గణపతిదేవుడు, 1213 ప్రాంతం, రెండు గుట్టల నడుమ మట్టి కట్ట, కిందికి పోయినకొద్ది ఒత్తుడు ఎక్కువైతది కాబట్టి కిందికి పోయినకొద్ది మందం, ఎనిమిది వందల ఏండ్లాయె ఇంకా నీళ్లు ఆపుతుంది. "వాళ్లకు కాలేజీలున్నయా సారూ?" అని అడిగిండు. నా కండ్లద్దాలు చెమటకు ముక్కు మీదికెల్లి జారుతున్నయి, మెల్లగ, గోరంత గోరంత, ముక్కు ఎగరేసి ఆపుదామని చూస్తున్న, ఆయనేమో కట్ట వాలు మీద చేత్తోని గాలిల గీసి చూపిస్తుండు. పడ్డయి. నీళ్లల్ల తిరుక్కుంట పోయి ఇసుకల కూసున్నయి. ఒక చేప పోయి వాటిల మూతి పెట్టింది. "ఇవి కొర్రమట్టలా?" అన్నడు ఓనర్ సాబ్, వంగి చూసి. గాదు అంటే "మరెందుకు" అన్నట్టు మొఖం పెట్టిండు.

బతిమిలాడంగ బతిమిలాడంగ లేసి పైపు తెచ్చిండు. నోటితోని గుంజాలంటే "నాకు షుగర్" అన్నడు. దానికి దీనికి ఏం సంబంధమో దేవునికెర్క. పైపు నా నోట్లనే పెట్టిండు, నేనే గుంజిన, చేప నీళ్లు అంగిట్లదాక వచ్చినయి, పైపు కొసను ఆయన బాల్కనీల నుంచి కిందికి ఇడిచిండు. కొస ఎంత కిందికుంటే అంత జోరుగ పోతది, మంచిగ పోతున్నయి. నాకు ధైర్యమొచ్చింది, మొత్తం ఖాళీ కావాల్సిన పని గూడ లేదు, ఆరు అంగుళాలు దిగితే తోపు దగ్గర దగ్గర సగానికొస్తది. ఒక అంగుళం దిగింది. రెండు దిగినయి.

కిందికెల్లి ఓనరమ్మ కేక. "ఎవలయ్యా అది! మిరపకాయలన్ని నాశనం జేస్తిరి!"

కింద వాకిట్ల చపాటా మిరపకాయలు ఆరవోసి ఉన్నయట. ఆయనింటి మిరపకాయలే. ఆయన చేతిల పైపే. ఓనర్ సాబ్ ఉలిక్కిపడి పైపు పైకి గుంజి, దాన్ని నా కాళ్ల మీద పారేసి, చెప్పులు గూడ వేసుకోకుంట ఉరికిండు.

మళ్ల నేను, చెరువు. పైపు దిక్కు కాలు చాపుతుంటే పెద్ద చప్పుడైంది. గుండె ఆగినంత పనైంది, కండ్లు మూసుకున్న, తెరిచి చూస్తే నేను కావలిచ్చుకున్న అద్దం నిమ్మలంగనే ఉంది. ఎనుక అద్దం. గోడ దిక్కుది. గంతే పొడుగు, గంతే ఎత్తు, గంతే తోపు, నేనేమో సగం గంట సంది దాని మొఖం చూడలే. కింది మూల నుంచి నడుమ దాక చీలి, నీళ్లు గోడపొంటి దిగి, సోఫా కిందికెల్లి, గడప దాటి, మెట్ల మీద సప్పుడు చేసుకుంట పోయినయి. సిలికాన్ మాత్రం ఎక్కడా ఊడలే, ఇప్పటికీ పట్టుకునే ఉంది.

చేపలు పిండి కలిపే బేసిన్ల ఉన్నయి. షాపాయనకు ఫోన్ చేస్తే "మీరే గదా సార్ ఐదు తీస్కపోయింది, ఫిజిక్స్ సారని నేను ఊకున్న" అన్నడు. పొద్దుగాల ఓనర్ సాబ్ కిరాయి చీటీ పంపిండు, అందుల రెండు కిలోల మిర్చి పైసలు కలిపి ఉన్నయి. పైపు కిందికి ఇడిచింది నేను గాదు.