యెఘెగిస్ సమాధిరాళ్లను విస్మరించవద్దు
ఆర్మేనియా యూదుల గుర్తింపుపై వచ్చిన వ్యాసంలో, అక్కడ యూదుల చరిత్ర సోవియట్ కాలంలో చేరిన ఉద్యోగులతోనే మొదలైందన్న వ్యాసకర్త మాటతో నేను ఏకీభవించలేను. వయోత్స్ జోర్ ప్రాంతంలోని యెఘెగిస్ గ్రామం వద్ద 1996లో వెలుగుచూసిన శ్మశానవాటికలో హీబ్రూ, అరామిక్ శాసనాలు చెక్కిన 13, 14 శతాబ్దాల సమాధిరాళ్లు ఉన్నాయి; స్థానిక పాలకులైన ఓర్బెలియన్ వంశీయుల ఏలుబడిలో అక్కడ ఒక యూదు సమాజం స్థిరపడి జీవించిందనడానికి అవే సాక్ష్యం. అయితే ఆర్మేనియా రాజధాని యెరెవాన్‌లోని నేటి యూదులకు వారిని పూర్వీకులుగా చెప్పడమూ తొందరపాటే, ఎందుకంటే ఈ రెంటినీ కలిపే వంశధార కనబడదు. సెవాన్ సరస్సు తీరాన స్థిరపడిన రష్యన్ సబ్బోత్నికుల సంగతి మరీ చిత్రమైనది: రైతు కుటుంబాల్లో పుట్టి, శనివార విశ్రాంతితో సహా యూదు ఆచారాలను స్వీకరించినందుకు జార్ పాలనలో సామ్రాజ్యపు అంచులకు వెళ్లవలసి వచ్చినవారు వారు. గుర్తింపు గురించి ఇంత విస్తారంగా రాసిన వ్యాసంలో వారి ప్రస్తావనే లేకపోవడం లోటుగా అనిపించింది.