రాసినవాళ్లకి డబ్బులివ్వడానికి గడువు 45 రోజులే, ఆ చట్టం మన చేతిలోనే ఉంది

పోయిన ఏడాది ఒక ఏజెన్సీకి ఆరోగ్యం మీద నాలుగు చిన్న పుస్తకాలు తెలుగులోకి అనువాదం చేసిచ్చాను. 32 వేల బిల్లు. ఫైలు పంపిన రాత్రే "సూపర్ అండి, రేపే ప్రింటుకి వెళ్తోంది" అని మెసేజ్ వచ్చింది. ఆ తర్వాత ఏడు నెలలు డబ్బుల కోసం ఫోన్లు చేస్తూనే ఉన్నాను. అకౌంట్స్‌కి పంపాం అన్నారు, ఈ పేమెంట్ల సైకిల్ అయిపోయింది వచ్చే సైకిల్‌లో పడుతుంది అన్నారు, ఎండీ గారు ఊళ్లో లేరు అన్నారు, మధ్యలో ఒకసారి ఇన్‌వాయిస్ పాతదైపోయింది కొత్త తేదీ వేసి మళ్లీ పంపండి అంటే అదీ పంపాను. ఎవరైనా అలా అడిగితే పంపకండి, బాకీ వయసు తగ్గించడం తప్ప దానివల్ల ఒరిగేది ఏమీ లేదు.

ఈ పనిలో ఉన్నవాళ్లకి మిగతాదంతా తెలిసిందే. ఫ్రీగా చేయించుకునే శాంపిళ్లు, యూనికోడ్‌లో ఇచ్చింది ప్రెస్సువాళ్లు వాడే పాత "అను" ఫాంట్‌లోకి మార్చాక ఎగిరిపోయిన వత్తుల్ని మనమే కూర్చుని సరిచేయడం, రాత్రి పదకొండింటికి "చిన్న కరెక్షన్" అంటూ వచ్చే ఫోను, వీటిల్లో దేనికీ బిల్లు ఉండదు. అవన్నీ పక్కన పెడతాను. నా గోలంతా ఒక్కదాని గురించే, పని తీసుకుని నెలల తరబడి డబ్బు ఇవ్వకపోవడం అంటే మన దగ్గర వడ్డీ లేని అప్పు తీసుకోవడమే, అది కూడా మనల్ని అడక్కుండా. దాన్ని మనం అప్పు అనే పేరుతో పిలవం, అందుకే అప్పుని వసూలు చేసినట్టు వసూలు చెయ్యం.

2006లో చిన్న పరిశ్రమల కోసం వచ్చిన ఎంఎస్ఎంఈడీ చట్టం అంటే మనకి లేత్ మెషీన్లు, పచ్చళ్ల యూనిట్లు గుర్తొస్తాయి. కానీ అందులో సర్వీసు ఇచ్చేవాళ్లూ వస్తారు, ఇంట్లో లాప్‌టాప్ ముందు కూర్చుని అనువాదాలు చేసుకునే మనిషి కూడా చిన్న సంస్థల కోసం కేంద్రం పెట్టిన ఉద్యమ్ పోర్టల్‌లో మైక్రో ఎంటర్‌ప్రైజ్‌గా, అంటే అతి చిన్న సంస్థగా, రిజిస్టర్ కావొచ్చు. 2020 జులై నుంచి ఇది నడుస్తోంది, ఆధార్, పాన్ ఉంటే చాలు, పైసా ఖర్చు లేదు (డబ్బులడిగే సైటు కనిపిస్తే అది ప్రభుత్వానిది కాదని అర్థం). ఒకసారి రిజిస్టర్ అయ్యాక లెక్క మారిపోతుంది. రాతపూర్వకంగా గడువు రాసుకోకపోతే పని అందుకున్న 15 రోజుల్లో డబ్బివ్వాలి, రాసుకున్నా సరే ఆ గడువు 45 రోజులు దాటకూడదు, 90 రోజులని వాళ్ల ఫారంలో ఉన్నా చెల్లదు. దాటితే రిజర్వ్ బ్యాంకు ప్రకటించే బ్యాంక్ రేటుకి మూడింతల వడ్డీ, అది కూడా నెలనెలా చక్రవడ్డీ. ఫిర్యాదు ఆన్‌లైన్‌లోనే చెయ్యొచ్చు, అది మన రాష్ట్రంలో ఇలాంటి బాకీల తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కి వెళ్తుంది. కౌన్సిల్ మనకి అనుకూలంగా తీర్పిస్తే దాన్ని కోర్టులో సవాలు చెయ్యాలన్నా వాళ్లు ముందు 75 శాతం సొమ్ము డిపాజిట్ చెయ్యాల్సిందే!

దీనికి తోడు 2024 ఏప్రిల్ 1 నుంచి ఇంకోటి అమల్లోకి వచ్చింది. ఇలాంటి చిన్నవాళ్లకి గడువులోగా డబ్బివ్వని కంపెనీ, ఇచ్చేదాకా ఆ మొత్తాన్ని ఖర్చు కింద చూపించి ఇన్‌కమ్ ట్యాక్స్ తగ్గించుకోలేదు. ఎడిటర్ గారికి మన బాధ పట్టకపోయినా వాళ్ల ఆడిటర్‌కి ఇది పడుతుంది. అందుకే ఉద్యమ్ నంబరు ఇన్‌వాయిస్ మీద పెద్దక్షరాల్లో వెయ్యండి. రిజిస్ట్రేషన్ మాత్రం పని ఒప్పుకునే ముందే అయిపోవాలి, ఒప్పందం అయ్యాక రిజిస్టర్ అయితే దానికి ఈ రక్షణ ఉండదని సుప్రీంకోర్టు 2022లోనే చెప్పింది. నా 32 వేల విషయంలో నేను దెబ్బతిన్నది అక్కడే.

చిన్న పబ్లిషర్లు చెప్పేది అబద్ధమని నేను అనను. తెలుగు సైట్లకి యాడ్స్ మీద వచ్చేది తక్కువ, పుస్తకాల షాపుల నుంచి వాళ్లకీ డబ్బులు ఆలస్యంగానే వస్తాయి, కౌన్సిళ్లలో కేసులు నానుతాయి, కేసు వేసినవాళ్లకి మళ్లీ పని రాదన్న భయమూ ఉత్తది కాదు. అయితే ఆ పబ్లిషరే పేపరు కొట్టువాడికి, ప్రెస్సువాడికి అడ్వాన్స్ ఇస్తున్నాడు కదా. కష్టం వచ్చినప్పుడల్లా ఆగేది రాసినవాళ్ల డబ్బే ఎందుకు?

ఎందుకంటే మనం అడగం కాబట్టి. సరస్వతిని అమ్ముకుంటున్నాడు అంటారని సిగ్గు. సభకి పిలిచి శాలువా కప్పి మెమెంటో చేతిలో పెట్టి పంపిస్తే బస్సు చార్జీలు అడగడానికి నోరు రాదు. ఆ సిగ్గు మనకి ఎవరు నేర్పారో గానీ, దానివల్ల బాగుపడింది మాత్రం మనం కాదు.

అసలు ఈ తక్కువ లెక్క పదాల దగ్గరే మొదలవుతుంది, నాకు అన్నిటికన్నా కోపం తెప్పించేది ఇదే. రేటు పదానికింత అంటారు, చాలా చోట్ల ఆ పదాలు లెక్కపెట్టేది తెలుగు ఫైల్లో. ఇంగ్లిష్‌లో "దోజ్ హూ కుడ్ నాట్ కమ్" అని ఐదు పదాలు, తెలుగులో "రాలేకపోయినవాళ్లు", ఒక్క పదం. "ఇన్ ద హౌస్" మూడు, "ఇంట్లో" ఒకటి. విభక్తులు, క్రియ రూపాలు అన్నీ పదంలోనే కలిసిపోయే భాష మనది, అదే దాని అందం, ఆ అందానికే మనకి జీతం కోస్తున్నారు. ఇంకా ఘోరం ఏంటంటే చక్కగా కుదించి రాసినవాడికి తక్కువ డబ్బు, "రావడం జరగలేకపోయినటువంటి వారు" అని సాగదీసినవాడికి ఎక్కువ. టీవీల్లో, ప్రభుత్వ కరపత్రాల్లో, యాప్‌లలో "చేయడం జరుగుతుంది" తెలుగు చూసి బాధపడే పెద్దలందరికీ నా విన్నపం, భాష పాడవుతోందని సభలు పెట్టేముందు ఆ వాక్యం రాసిన మనిషికి ఎంత ఇచ్చారో, ఏ లెక్కన ఇచ్చారో ఒక్కసారి అడగండి. మంచి వాక్యం కోసం అరగంట ఆగినవాడికి ఆ అరగంట నష్టమే అయ్యేలా పెట్టిన రేటులో మంచి తెలుగు ఎక్కడినుంచి వస్తుంది?

ఇప్పుడు నా రేటు కార్డులో మూడు లైన్లు మార్చాను. లెక్క ఇంగ్లిష్ ఫైల్లోని పదాలమీదే. సగం అడ్వాన్స్. పూర్తి డబ్బు అందేదాకా కాపీరైట్ నాదే, 1957 కాపీరైట్ చట్టం ప్రకారం రాతపూర్వకంగా బదిలీ చేస్తే తప్ప అది ఎలాగూ ఫ్రీలాన్సర్ దగ్గరే ఉంటుంది, కాకపోతే అది వాళ్లకి గుర్తుండాలని రాశాను. ఈ కార్డు చూసి ఇద్దరు క్లయింట్లు మళ్లీ ఫోన్ చెయ్యలేదు. మూడో ఆవిడ మాత్రం "ఇంగ్లిష్ పదాల లెక్క సరేనండి, అడ్వాన్స్ 30 శాతం చేసుకుందాం" అంది. ఒప్పుకున్నాను, సోమవారం డబ్బు పడింది, మంగళవారం పని మొదలుపెట్టాను.