తెరపై హెచ్చరిక, తెర వెనుక ముడుపులు

టికెట్ బుక్ చేసుకుంటుంటే ముందే టిక్ పెట్టి ఉండే బీమా గడి, ఎంత వెతికినా కనబడని ‘వద్దు’ బటన్, పని మధ్యలో అడ్డుపడే పాప్‌అప్ లాంటి అవస్థలను తయారుచేసినవాళ్ల చేతకానితనం కింద జమకట్టి ఊరుకుంటాం. నిజానికి వాటిలో చాలావాటిని తెలిసే అలా తయారుచేస్తారు. వినియోగదారుణ్ని తికమకపెట్టి డబ్బు రాబట్టే ఎత్తుగడలను 13 రకాలుగా వర్గీకరిస్తూ మన కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2023 నవంబరు 30న మార్గదర్శకాలే జారీ చేయాల్సి వచ్చింది. టికెట్ల దగ్గర మనకు పోయేది వందో రెండు వందలో. అదే ఎత్తుగడ డాక్టరు మందులు రాసే తెర మీదకు చేరితే ఏమవుతుందో ఊహించుకోనవసరం లేదు. అమెరికాలో అది జరిగింది, కేసు నడిచింది, సంస్థ ఒప్పుకుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో 2005లో మొదలైన ప్రాక్టీస్ ఫ్యూజన్, రోగుల రికార్డులు నమోదు చేసుకునే సాఫ్ట్‌వేర్‌ను చిన్న క్లినిక్‌ల డాక్టర్లకు ఉచితంగా ఇచ్చి ప్రకటనల మీద ఆదాయం సంపాదించేది. కంప్యూటర్ రికార్డులకు మారిన డాక్టరుకు వృద్ధుల ప్రభుత్వ ఆరోగ్య బీమా పథకమైన మెడికేర్ ద్వారా 44 వేల డాలర్ల వరకు ప్రోత్సాహకం దక్కేలా 2009లో అక్కడి ప్రభుత్వం హైటెక్ చట్టం తేవడంతో ఈ రంగంలోని సంస్థలన్నింటికీ గిరాకీ పెరిగింది. డాక్టర్లకు మాత్రం కొత్త తలనొప్పి మొదలైంది. ఈ సాఫ్ట్‌వేర్లలో చాలావాటి నిర్మాణం వైద్యం చుట్టూ కాక బిల్లింగ్ చుట్టూ జరిగింది కాబట్టి, రోగి ముఖం చూసే సమయాన్ని తెర మీది గడులు మింగేయడం, మిగిలిపోయిన రికార్డులను రాత్రి ఇంటి దగ్గర కూర్చుని పూర్తిచేయడం వాళ్లకు నిత్యకృత్యమయ్యాయి. వీటికి తోడు హెచ్చరికలు. పెన్సిలిన్ పడని రోగికి అదే రాయబోతుంటే ఆపే హెచ్చరిక ప్రాణం కాపాడుతుంది, సందేహం లేదు. కానీ రోజుకు పదుల సంఖ్యలో వస్తుంటే చదివే ఓపిక నశించి, చేతులు అలవాటుగా వాటిని మూసేస్తూనో ఒప్పుకుంటూనో పోతాయి.

ఆ గుంపులోకే 2016 జులైలో ప్రాక్టీస్ ఫ్యూజన్ మరో హెచ్చరికను చేర్చింది. రోగి నొప్పి తీవ్రతను నమోదు చేయమని డాక్టరుకు గుర్తుచేసి, ఆపైన చికిత్స మార్గాలు కొన్ని చూపించేది. వాటిలో నల్లమందు జాతికి చెందిన, శరీరంలో నెమ్మదిగా విడుదలయ్యే ఓపియాయిడ్ మాత్రలు కూడా ఉండేవి. ఓపియాయిడ్ వాడక తప్పని దీర్ఘకాలిక నొప్పికైనా ఈ రకంతో మొదలుపెట్టవద్దని అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సరిగ్గా అదే ఏడాది మార్చిలో సూచించింది. అయినా తెర మీద ఆ మాత్రలు ఎందుకున్నాయంటే, ఓపియాయిడ్ తయారీ సంస్థ ఒకటి అందుకు దాదాపు 10 లక్షల డాలర్లు చెల్లించింది. హెచ్చరికను రూపొందించడంలో ఆ సంస్థ మార్కెటింగ్ సిబ్బంది కూడా పాలుపంచుకున్నారు. 2019 వసంతకాలం దాకా ఆ హెచ్చరిక 23 కోట్లకు పైగా సార్లు డాక్టర్ల ముందుకొచ్చింది. 2020 జనవరిలో ప్రాక్టీస్ ఫ్యూజన్ 14.5 కోట్ల డాలర్లు చెల్లించి కేసు పరిష్కరించుకుంది. ఆ మాత్రలు అమ్ముకున్న పర్డ్యూ ఫార్మా, ఆ సాఫ్ట్‌వేర్ సంస్థకు ముడుపులు చెల్లించినట్టు అదే ఏడాది నవంబరులో కోర్టులో నేరం ఒప్పుకుంది.

మందుల కంపెనీలు డాక్టర్లను మచ్చిక చేసుకోవడం పాత సంగతే. కానీ బహుమతి పుచ్చుకున్న డాక్టరుకు తాను పుచ్చుకున్నానన్న సంగతైనా తెలుస్తుంది. ఇక్కడ డాక్టరుకు పైసా ముట్టలేదు, విషయమూ తెలియదు. వైద్య ప్రమాణాల ప్రకారం వస్తోందనుకున్న సలహా నిజానికి అమ్ముడుపోయిన సలహా. పెన్సిలిన్ హెచ్చరిక మీద ఉన్న నమ్మకాన్నే ఇది వాడుకుంది, అందుకే దీన్ని మామూలు ప్రకటనగా కొట్టిపారేయలేం.

సాఫ్ట్‌వేర్ చికాకు ఎవరి వాటాకు వస్తుందో గమనిస్తే లాభం ఎటుందో తేలిగ్గా తెలుస్తుంది. అమెరికాకు చెందిన సిగ్నా బీమా సంస్థలో డాక్టర్లు రోగి ఫైలు తెరవకుండానే క్లెయిములను గుత్తగా తిరస్కరించే ఏర్పాటు ఉందని, 2022లో రెండు నెలల్లో అలా 3 లక్షలకు పైగా క్లెయిములు పోయాయని, ఒక్కోదానిపై సగటున 1.2 సెకన్లు వెచ్చించారని అక్కడి పరిశోధనాత్మక వార్తాసంస్థ ప్రోపబ్లికా 2023లో రాసింది. చెల్లింపులు త్వరగా జరగడానికే ఆ ఏర్పాటని సంస్థ వాదించింది. ఏదేమైనా, తిరస్కరించే వైపు ఒక్క క్లిక్‌తో పోయే పని, అప్పీలు చేసుకునే వైపు ఫారాలు, ఫోన్లు, నెలల నిరీక్షణగా మారుతుంది. లాభాపేక్ష లేని చోట సాఫ్ట్‌వేర్ సుఖంగా ఉంటుందని నేననను. మన ప్రభుత్వ ఆస్పత్రుల కౌంటర్ల దగ్గర ‘సర్వర్ డౌన్’ మాట వినని వాళ్లెవరు? అయితే ఆ అవస్థ నిర్లక్ష్యం వల్ల వస్తుంది, దాని మీద ఎవరూ డబ్బు చేసుకోరు.

మనకు ఈ ప్రశ్నలు దూరంవి కావు. ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద రికార్డులను అనుసంధానిస్తే ఆస్పత్రులతో పాటు సాఫ్ట్‌వేర్ సంస్థలకూ ప్రోత్సాహకాలిచ్చే పథకం 2023 జనవరిలోనే మొదలైంది. హైటెక్ చట్టం నడిచిన దారి కూడా ఇలాంటిదే. నగదురహిత చికిత్సకు గంటలోగా, డిశ్చార్జికి మూడు గంటల్లోగా బీమా సంస్థలు అనుమతి తేల్చాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2024లో ఆదేశించి, ఆలస్యం అనే చికాకును నియంత్రణ పరిధిలోకి తేవడం మంచి పని. అదే ఏడాది వచ్చిన మందుల మార్కెటింగ్ నియమావళి డాక్టర్లకు బహుమతులు, విహారయాత్రలు ఇవ్వరాదంది. మందులు రాసే తెర మీది సలహాకు కూడా అంతే పట్టింపు ఉండాలి. ప్రతి సలహా పక్కన దాని వైద్య ఆధారం, దానికి డబ్బు పెట్టినవారి పేరు కనబడాలి. స్పాన్సర్ చేసిన ఏ హెచ్చరికనైనా అమల్లోకి తెచ్చేముందు స్వతంత్ర సంస్థ ఆమోదం తీసుకోవాలని ప్రాక్టీస్ ఫ్యూజన్‌కు అమెరికా న్యాయశాఖ షరతు పెట్టింది, కాకపోతే 23 కోట్ల హెచ్చరికలు వెళ్లిపోయాక. రికార్డుల సాఫ్ట్‌వేర్ ఇంకా క్లినిక్‌లలోకి అడుగుపెడుతున్న దశలోనే ఉన్న మనం ఆ షరతును డిజిటల్ మిషన్ అనుమతి ఇచ్చే రోజే పెట్టవచ్చు.