నుదురు ఎర్రబడితే మెదడుకి రక్తం ఎక్కినట్టేనా?

కాస్త కోపంగానే రాస్తున్నాను, ముందే చెప్తున్నా.

మా బాబాయికి నిరుడు పక్షవాతం వచ్చింది. ఎడమ చెయ్యి పడిపోయింది, మాట మాత్రం నిలబడింది. ఆర్నెల్లు ఫిజియోథెరపీ చేయించాక ఎవరో చెప్పారని ఒక సెంటర్‌కి తీసుకెళ్లాం. ఆపరేషన్ లేదు, మందుల్లేవు, తలకి చిన్న కరెంటు (టీడీసీఎస్ అంటారు దీన్ని) పెడితే మెదడుకి రక్త ప్రసరణ పెరిగి చెయ్యి లేస్తుందన్నారు. ఇరవై సిట్టింగ్‌ల ప్యాకేజీ, డబ్బంతా ముందే కట్టాలి. కట్టాం. ఇంట్లో మంచాన ఉన్న మనిషిని చూస్తూ ఎవరు బేరమాడతారు?

మొదటి రోజు నేనూ గదిలోనే ఉన్నా. ఉప్పునీళ్లలో తడిపిన రెండు స్పాంజిలు, ఒకటి తల కుడి పక్కన, ఇంకోటి ఎడమ కంటి పైన నుదుటి మీద, వాటిని పట్టి ఉంచడానికి ఒక రబ్బరు బెల్టు. నీళ్లు కారి కంట్లోకి పోతుంటే "మండుతోందిరా" అని బాబాయి గోల. ఇరవై నిమిషాలయ్యాక బెల్టు విప్పితే నుదుటి మీద స్పాంజి సైజులో ఎర్రటి ముద్ర. అక్కడి అబ్బాయి మురిసిపోతూ "చూశారా సార్, రక్తం ఎలా పాకిందో" అన్నాడు. నేనూ నమ్మాను, అబద్ధమెందుకు.

తర్వాత ఇంటికొచ్చి రాత్రిళ్లు కూర్చుని చదివాను. ఆ ఎరుపు చర్మానిది. కరెంటు తగిలిన చోట చర్మంలోని సన్నటి రక్తనాళాలు వెడల్పవుతాయి, అంతే. మెదడు దాని కింద ఎముకకి అవతల ఉంది. ఇచ్చేదే 2 మిల్లీ ఆంపియర్లు, మామూలు ఇండికేటర్ ఎల్ఈడీకి ఇచ్చే 20లో పదో వంతు. అందులోనూ చాలా భాగం నెత్తిచర్మం మీదుగానే దారి చూసుకుని వెళ్లిపోతుంది. 2018లో శవాల మీద కొలిచి చూసినవాళ్లు చర్మం, పుర్రె కలిసి సుమారు ముప్పావు వంతు ఆపేస్తున్నాయని రాశారు.

అలాగని ఇదంతా బూటకం అనడం లేదు. 2011లో స్కానర్‌లో పడుకోబెట్టి, కరెంటు ఇస్తూనే మెదడు రక్త ప్రవాహాన్ని కొలిస్తే, ప్లస్ ఎలక్ట్రోడ్ కింద దాదాపు 17 శాతం పెరిగింది. కాబట్టి ఎంతో కొంత లోపలికి చేరుతోంది. కానీ పెరిగితే ఏమిటి? మెదడులో ఏ మూల పని ఎక్కువైతే ఆ మూలకి కొద్ది సెకన్లలోనే రక్తం ఎక్కువ వెళ్తుంది. మెదడులో ఎక్కడ పని జరుగుతోందో చూపించే ఎఫ్ఎంఆర్ఐ స్కాన్ పనిచేసేదే దాని మీద. నేనిప్పుడు టైప్ చేస్తున్నా కదా, నా వేళ్లని నడిపే చోట ఇప్పుడు అదే జరుగుతోంది. వంటింట్లో స్టవ్ వెలిగితే గ్యాస్ ఎక్కువ ఖర్చవుతుంది, గ్యాస్ ఎక్కువ ఖర్చయినంత మాత్రాన కూర ఉడికినట్టు కాదు, మాడినా అంతే ఖర్చు. పైగా బీపీ కాస్త పెరిగినా తగ్గినా మెదడు తన నాళాల్ని తనే బిగించుకుని, వదులు చేసుకుని మొత్తం ప్రవాహాన్ని దాదాపు ఒకేలా ఉంచుకుంటుంది. "ప్రసరణ పెంచుతాం" అనగానే పొలానికి మోటారు పెట్టినట్టు ఊహించుకుంటాం చూడండి, అక్కడే పడిపోతున్నాం.

రెండో వారం గ్రాఫ్ చూపించారు. హెచ్ఆర్‌వి అట, గుండె కొట్టుకునే దెబ్బకీ దెబ్బకీ మధ్య ఎడం ఎంత మారుతోందో చెప్పే లెక్క. అది పెరిగితే, గుండెని నెమ్మదింపజేసే వేగస్ నరం బాగా పనిచేస్తోందని, ఒళ్లు టెన్షన్ నుంచి బయటపడుతోందని అర్థమట. సిట్టింగ్‌కి ముందు తక్కువ, తర్వాత ఎక్కువ. భలే ఉంది గ్రాఫ్. నాకు ఒళ్లు మండి, ఆ ఆదివారం బాబాయిని ఇంట్లో ఫ్యాన్ కింద ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుని పడుకోమని, ఆయన చేతికి నా వాచీ పెట్టాను. కరెంటు లేదు, స్పాంజి లేదు, అయినా గుండె వేగం తగ్గింది, ఆ అంకె పెరిగింది. మెట్లెక్కి ఆయాసంతో వచ్చిన మనిషిని ఏసీ గదిలో పడుకోబెడితే ఊపిరి నెమ్మదిస్తుంది, గుండె కూడా దాని వెంటే నెమ్మదిస్తుంది. వాచీ లెక్క శాస్త్రం కాదు, ఒప్పుకుంటా. మరి వాళ్ల గ్రాఫ్ ఏ పాటి శాస్త్రం?

అందుకే పరిశోధనల్లో ఉత్తుత్తి కరెంటు పెడతారు. అర నిమిషం ఇచ్చి ఆపేస్తారు. చర్మం దురద పెట్టింది కాబట్టి నడుస్తోందనే అనుకుంటాడు మనిషి. అలా పోల్చి చూసినప్పుడు కూడా, నుదుటి వెనకున్న మెదడు భాగాన్ని ప్రేరేపిస్తే గుండె వేగం కొద్దిగా తగ్గుతుందని కొన్ని అధ్యయనాలు కలిపి చూసినవాళ్లు చెప్పారు, అదీ ఈ స్పాంజిల కంటే, తలకి ఆనించి అయస్కాంత శక్తితో మెదడుని ప్రేరేపించే కాయిల్‌తోనే (టీఎంఎస్) ఎక్కువగా. కొద్దిగా తగ్గడం వేరు, బీపీ మాత్రలు మానేయొచ్చనడం వేరు. ఆ రెండో మాట మా ముందే ఒక పెద్దావిడతో అన్నారు. నేను గొడవ పెట్టుకున్నది అందుకే.

ఆ కాయిల్‌ని వీటితో కలిపి తిట్టకండి. మందులకి లొంగని డిప్రెషన్‌కి దాన్ని అమెరికాలో 2008లోనే అనుమతించారు, సైకియాట్రిస్టులు వాడుతున్నారు, కాయిల్ బలం ఎంత పెడితే బొటనవేలు కదులుతుందో చూసి మనిషి మనిషికీ డోసు పెడతారు, ఫిట్స్ చరిత్ర ఉందా అని ముందే అడుగుతారు. మమ్మల్ని ఇక్కడ అడిగిన ప్రశ్న క్యాషా, కార్డా అని.

ఇక పక్షవాతం చెయ్యి సంగతి. అమెరికాలోనే 129 మందిని తీసుకుని, అందరికీ గట్టిగా చేతి వ్యాయామం చేయిస్తూ, కొందరికి 2, కొందరికి 4 మిల్లీ ఆంపియర్లు, కొందరికి ఉత్తుత్తిది ఇచ్చారు. చెయ్యి కదలికలో కరెంటు వల్ల అదనంగా ఒరిగిందేమీ కనబడలేదు.

ఎనిమిదో సిట్టింగ్ తర్వాత మానేశాం. ఇప్పుడు పొద్దున్నే పిన్ని పళ్లెంలో పెసలూ శనగలూ కలిపి పోస్తుంది, బాబాయి ఎడమ చేత్తో తిట్టుకుంటూ వేరు చేస్తాడు. మొన్న చొక్కా కింది గుండీ ఒకటి తనే పెట్టుకున్నాడు, ఏడు నిమిషాలు పట్టింది. మిగిలిన పన్నెండు సిట్టింగ్‌ల డబ్బు అడిగితే మాత్రం, వెనక్కివ్వడం కుదరదట, కావాలంటే ఇంట్లో ఇంకెవరైనా వచ్చి చేయించుకోవచ్చట.